మా పాత ఎంజీబీ కారుకి ముందు చక్రాల బ్రేకులు మార్చిన కథ (నా అనుభవం)

విన్నాట్స్ పాస్ దిగుతుంటే వచ్చిన ఆ వాసన ఇంకా ముక్కులోనే ఉంది. ఇంగ్లండ్‌లో పీక్ డిస్ట్రిక్ట్ అని కొండల ప్రాంతం ఉంది, మేముండే షెఫీల్డ్‌కి దగ్గర. అక్కడ కాసిల్టన్ అనే ఊరి పక్కన, రెండు సున్నపురాయి కొండల మధ్య నుంచి సన్నగా దిగే రోడ్డు ఇది. బాగా ఏటవాలుగా ఉన్నచోట ఐదడుగులు ముందుకెళ్తే ఒక అడుగు కిందికి దిగుతాం. పక్కనే మామ్ టోర్ కొండ మీదుగా పెద్ద రోడ్డొకటి ఉండేది, కొండ జారి జారి దాన్ని ముక్కలు చేస్తుంటే బాగుచేసీ చేసీ విసిగిపోయి 1979లో మూసేశారట, అప్పట్నుంచి కార్లన్నీ ఈ ఇరుకు దారిలోనే. గొర్రెలు కూడా ఇక్కడే. కంచె ఉండదు, రోడ్డు మీదే పడుకుంటాయి.

సగం దిగాక ఒక గొర్రె లేచి అడ్డంగా నిలబడింది. బ్రేకు తొక్కాను. పెడల్ నేల దాకా వెళ్ళిపోయింది. మళ్ళీ తొక్కితే సగంలో ఏదో దొరికింది, మూడోసారికి హ్యాండ్ బ్రేక్ కూడా లాగితే బండి ఆగింది. గొర్రె నా వైపు ఒకసారి చూసి మళ్ళీ పడుకుంది. పక్కసీట్లో మా ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. రెండో గేరులో నడక వేగంతో కిందికి దించి కార్ పార్కులో ఆపి చూస్తే కుడివైపు ముందు చక్రం దగ్గర పెనం మీద చెయ్యి పెట్టినంత వేడి, ఎడమవైపు మామూలుగానే ఉంది.

బండి సంగతి చెప్పాలి. 1972 ఎంజీబీ జీటీ, నీలం రంగు. ఎంజీబీలనే ఈ బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారయ్యాయి, పైకప్పు ఉండే జీటీ 1965లో వచ్చింది. మూడేళ్ళ కిందట ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. ఆ డబ్బుకి మంచి టయోటా వచ్చేది కదా అన్నవాళ్ళే అందరూ. నిజమే, వచ్చేది. కానీ మా బాబాయికి విజయవాడలో అంబాసిడర్ టాక్సీ ఉండేది, తర్వాత ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకున్నాడు, నా వేసవి సెలవులన్నీ ఆ షెడ్డులో పానాలు అందిస్తూ గడిచాయి. ఎంజీబీ కొన్న రోజు వీడియో కాల్‌లో బానెట్ ఎత్తి చూపిస్తే బాబాయి ఒక్క నిమిషం మాట్లాడలేదు, తర్వాత "ఒరేయ్, ఇది మన అంబాసిడర్ ఇంజనేరా!" అన్నాడు. తప్పేం కాదు. రెండూ బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ళ బీ సిరీస్ ఇంజన్లే. అంబాసిడర్‌లో 1489 సీసీ, దీంట్లో 1798 సీసీ. అంబాసిడర్‌కి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, దీనికి ముందు చక్రాలకి డిస్కులు, అంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప పలకలు, అదొక్కటే బాబాయికి కొత్త.

సరే, వాసన సంగతి. బ్రేకులు వేడెక్కి పట్టకుండా పోవడం రెండు రకాలు, ఇది తెలియక చాలామంది తప్పు సామాను కొంటారు. పెడల్ రాయిలా గట్టిగా ఉండి కూడా బండి ఆగడం లేదంటే డిస్కుని నొక్కి ఆపే ప్యాడ్లు తట్టుకోలేనంత వేడెక్కాయని. పెడల్ మెత్తబడి లోపలికి వెళ్ళిపోతోందంటే బ్రేక్ ఆయిల్ మరిగిందని. ఆయిల్ మరిగితే బుడగలొస్తాయి, ద్రవం నలగదు కానీ బుడగ నలుగుతుంది, మన కాలి బలమంతా ఆ బుడగని నలపడానికే పోతుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, కానీ అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది, తేమ పట్టినదానికి ఆ కనీస లెక్క 155కి పడిపోతుంది. నా బండిలో ఆయిల్ ఎప్పుడు మార్చారో ఆ పెద్దాయనకే గుర్తులేదు. నేనైనా కొన్న రోజే మార్చాల్సింది, మార్చలేదు. ఇంజన్ ఆయిల్ మార్చాను, క్రోమ్ బంపర్లకి పాలిష్ పెట్టాను, బ్రేక్ ఆయిల్ మాత్రం చూడలేదు.

తర్వాతి శనివారం చక్రం విప్పి చూస్తే, ప్యాడ్లని డిస్కుకి నొక్కే కుడి క్యాలిపర్‌లో ఒక పిస్టన్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంది, లోపలికీ పోదు బయటికీ రాదు. అంటే కాలు తీశాక కూడా ఆ ప్యాడు డిస్కుని రాసుకుంటూనే ఉంది, ఆ వేడికే పక్కనున్న పాత ఆయిల్ మరిగింది. డిస్కు అంచున వేలుపెడితే గోరు తట్టుకునేంత గట్టు, అంత అరిగింది. రబ్బరు హోసులు బయటికి బాగానే కనిపించాయి గానీ వంచితే సన్నటి పగుళ్ళు.

నిజం చెప్పాలంటే ఇక్కడ అప్‌గ్రేడ్ అవసరం లేదు. అవే రకం కొత్త డిస్కులు, రిపేరు చేసిన క్యాలిపర్లు, కొత్త హోసులు, కొత్త ఆయిల్ వేస్తే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజులా ఉండేది, ఎంజీబీ బ్రేకులు వాటి కాలానికి మంచివే. ఇది ఎవరడిగినా చెప్తాను. నేను మాత్రం అప్‌గ్రేడే చేశాను, ఎందుకంటే ఎలాగూ అన్నీ విప్పుతున్నాను, మేం తిరిగేవన్నీ ఈ కొండల్లోనే, పైగా ఆ గొర్రె. మామూలు డిస్కు ఒకే పలక. వెంటిలేటెడ్ డిస్కంటే రెండు పలకల మధ్య గాలి పోయే సందులుంటాయి, వేడి త్వరగా పోతుంది. దానికి తోడు రెండు పిస్టన్ల ఇనుప క్యాలిపర్ బదులు నాలుగు పిస్టన్ల అల్యూమినియం క్యాలిపర్. కిట్టుకి ఆరొందల పౌండ్లకు కొంచెం తక్కువైంది. దాన్ని రూపాయల్లోకి మార్చి చూడొద్దని మా ఆవిడకి చెప్పాను, అప్పటికే మార్చి చూసిందట.

కొనేముందు రెండు చూసుకోవాలి. ఒకటి చక్రంలో చోటు. నావి 14 అంగుళాల రోస్టైల్ చక్రాలు. అమ్మేవాళ్ళ దగ్గర క్యాలిపర్ కొలతల బొమ్మ దొరుకుతుంది, దాన్ని అట్టముక్క మీద గీసి కత్తిరించి చక్రంలో పెట్టి తిప్పి చూశాను, సన్నటి సందు మిగిలింది. రెండోది పిస్టన్ల మొత్తం వైశాల్యం. నాలుగు పిస్టన్లు కదా రెట్టింపు బ్రేకు అనుకోకండి, వైశాల్యం మరీ పెరిగితే పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్ తోసే ఆయిల్ చాలదు, పెడల్ లోతుకి పోతుంది. ఈ కిట్టులోవి చిన్న పిస్టన్లు, నాలుగూ కలిపితే పాత రెండిటికి దగ్గరగానే వస్తాయి, కాబట్టి మాస్టర్ సిలిండర్ ముట్టుకోలేదు.

ఎంజీబీలో డిస్కు మార్చడం ఇప్పటి కార్లలా కాదు. ఇప్పటివాటిలో క్యాలిపర్ తీస్తే డిస్కు చేతికొచ్చేస్తుంది. దీంట్లో డిస్కుని, చక్రం బిగించే హబ్బుకి వెనకవైపు నుంచి నాలుగు బోల్టులతో బిగించారు, కాబట్టి హబ్బు మొత్తం బయటికి రావాలి, హబ్బు రావాలంటే బేరింగులు కదలాలి. బేరింగులు కదిలితే షిమ్ములనే సన్నటి రింగుల పని తప్పదు. నా నాలుగు శనివారాల్లో రెండు ఈ షిమ్ములే మింగేశాయి.

విప్పడం గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను తుప్పుపట్టి ముక్కలుగా వచ్చింది, నట్టు ఊడింది, హబ్బు మాత్రం పుల్లర్ వేస్తేగాని రాలేదు. పాత గ్రీజు ఎండిన బెల్లంపాకంలా ఉంది. కిరోసిన్‌లో కడిగి చూస్తే బేరింగులు పర్వాలేదనిపించింది, అయినా కొత్తవే వేశాను. కొత్త డిస్కుని హబ్బుకి బిగించేముందు రెండూ కలిసేచోట తుప్పు రేణువు కూడా లేకుండా గీకి తుడవాలి, అక్కడ చిన్న పొక్కు మిగిలినా అంచుకొచ్చేసరికి డిస్కు ఊగుతుంది, పెడల్ కాలికింద కొట్టుకుంటుంది. ఆ బోల్టులకి 40 నుంచి 45 పౌండు-అడుగుల టార్కు, అంటే బిగించే బలం.

ఇక షిమ్ములు. స్టబ్ యాక్సిల్ అనే పొట్టి ఇరుసు మీద లోపల ఒక బేరింగు, బయట ఒక బేరింగు, మధ్యలో గొట్టంలాంటి స్పేసర్, స్పేసర్‌కీ బయటి బేరింగుకీ మధ్య రేకుల్లాంటి సన్నటి రింగులు, అవే షిమ్ములు. నట్టు బిగించాక హబ్బుని పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే కదలిక ఉండాలి, కానీ అది అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే రెండు నుంచి నాలుగు భాగాలే. దాదాపు మన తలవెంట్రుక మందం. అంతకన్నా తక్కువైతే బేరింగు వేడెక్కి పాడవుతుంది, ఎక్కువైతే చక్రం ఊగి ప్యాడ్లని వెనక్కి నెడుతుంది, తర్వాత బ్రేకు తొక్కినప్పుడు ఆ సందు పూడ్చడానికే పెడల్ సగం పోతుంది. షిమ్ములేమో మూడు, ఐదు, పది వెయ్యో వంతుల మందాల్లో వస్తాయి. పాత షిమ్ములే మళ్ళీ వేస్తే సరిపోదా అంటే, కొత్త బేరింగు కొలతలో ఆ వెంట్రుకవాసి తేడా ఉంటుంది, సరిపోదు.

పద్ధతి ఇలా ఉంటుంది. ముందు షిమ్ములు లేకుండా బిగించి, హబ్బు తిప్పుతూ తిప్పుతూ అది పట్టేసేదాకా నట్టు తిప్పితే బేరింగు రింగులు వాటి చోట్లలో కూర్చుంటాయి. తర్వాత విప్పి, కావాలనే ఎక్కువ షిమ్ములు వేసి, మళ్ళీ బిగించి, డయల్ గేజిని అయస్కాంతంతో నిలబెట్టి దాని ముల్లు హబ్బుకి ఆనించి, లాగి తోసి ఎంత కదిలిందో చూడాలి. నాకు మొదటిసారి 14 వచ్చింది. 14లోంచి 10 తీస్తే 4, ఎంత సుఖం అనుకుని పది షిమ్ము తీసేసి బిగిస్తే 6 వచ్చింది. మళ్ళీ విప్పు. ఐదు తీసి మూడు పెట్టాను, 4 రావాలి, హబ్బు పట్టేసింది. మళ్ళీ విప్పు. చూస్తే షిమ్ముల మధ్య గ్రీజు పొర. గ్రీజు కూడా మందమే కదా! అన్నీ తుడిచి మొదట్నుంచి మొదలుపెట్టాను. చీకటి పడేసరికి కుడివైపు 3 దగ్గర నిలిచింది. ఆ నట్టుకి 40 నుంచి 70 దాకా టార్కు చెప్పారు, ఎందుకంత పెద్ద తేడా అంటే స్ప్లిట్ పిన్ను రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రావాలిగా, 40 దగ్గర రాకపోతే ఇంకాస్త బిగించుకుంటూ పోవాలి, రంధ్రం కుదర్లేదని వదులు చెయ్యకూడదు. ఎడమవైపు మరుసటి శనివారం గంటన్నరలో అయిపోయింది, అప్పటికి చెయ్యి తిరిగింది.

మూడో శనివారం క్యాలిపర్లు, హోసులు. హోసు మెలిపడకుండా బిగించాలి, స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి ఎక్కడా రాసుకోవట్లేదని చూడాలి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది, అందుకే పక్కన బకెట్టుతో నీళ్ళు పెట్టుకున్నాను, అవి అక్కరకొచ్చాయి కూడా.

అన్నీ బిగించాక గాలి తీయడం. మా ఆవిడని పెడల్ దగ్గర కూర్చోబెట్టాను. "తొక్కు... పట్టుకో... వదులు." నేను కింద, క్యాలిపర్ నుంచి గాలి బయటికి వదిలే నిపుల్ దగ్గర పడుకుని, గొట్టం సీసాలో ముంచి, ఆమె తొక్కగానే నిపుల్ పావు మలుపు తిప్పి, బుడగలు పోయాక మూసి, అప్పుడు వదలమనాలి. చిన్నప్పుడు అంబాసిడర్‌లో పెడల్ తొక్కింది నేనే, కింద పడుకున్నది బాబాయి, అందుకే ఆ మూడు మాటలు నోటికి అలా వచ్చేశాయి. అరగంట తొక్కింది. ఎడమ చక్రం, కుడి చక్రం, మళ్ళీ ఎడమ. లీటరు ఆయిల్ అయిపోయింది, సీసాలో బుడగలు ఆగిపోయాయి, పెడల్ మాత్రం దూదిలాగే ఉంది. "ఏమండీ, ఇంకెంతసేపు? కాలు పీకుతోంది" అంది. ఐదు నిమిషాలన్నాను. గంట తర్వాత కూడా ఐదు నిమిషాలే అన్నాను.

మాస్టర్ సిలిండర్ పోయిందేమో అని అనుమానం మొదలైంది. కొత్తదానికి ఆర్డర్ పెట్టేద్దామని ఫోన్ తీసి, ఆగి, బాబాయికి చేశాను. ఇక్కడ సాయంత్రం నాలుగు, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అన్నం తింటున్నాడు. కెమెరా చక్రం వైపు తిప్పమన్నాడు. తిప్పాను. ముద్ద చేతిలోనే ఉంది, కళ్ళు చిన్నవి చేసి చూశాడు.

"ఒరేయ్, నిపుల్ కిందికి ఉందేంట్రా?"

నేను చూశాను. నిపుల్ కిందికే ఉంది.

"గాలి పైకి పోతుందా కిందికి పోతుందా?"

డిస్కు బ్రేకులు బాబాయికి కొత్త, గాలి కొత్త కాదు. క్యాలిపర్లో గాలి పైభాగాన చేరుతుంది, నిపుల్ కింద ఉంటే ఎన్ని లీటర్లు పోసినా ఆయిలే బయటికొస్తుంది, పైనున్న గాలి అలాగే కూర్చుంటుంది. అంటే నేను ఎడమ క్యాలిపర్ కుడివైపు, కుడిది ఎడమవైపు బిగించాను. డబ్బాల మీద ఎడమ, కుడి అని రాసే ఉంది! కానీ బండికి ఎడమంటే డ్రైవరు సీట్లో కూర్చుంటే ఎడమ, నేను బానెట్‌కి ఎదురుగా నిలబడి నా ఎడమచెయ్యి వైపున్న చక్రానికి పెట్టేశాను. రెండూ అటూ ఇటూ చక్కగా పట్టాయి, బోల్టులు కుదిరాయి, హోసు కుదిరింది, తప్పని చెప్పేది నిపుల్ ఒక్కటే. ఆరొందల పౌండ్ల సామానుకి ఆటోనగర్ నుంచి భోజనం మధ్యలో వైద్యం. ఇది మా ఆవిడ రెండు వాట్సాప్ గ్రూపుల్లో చెప్పింది.

మార్చి బిగించి గాలి తీస్తే పావుగంట, పెడల్ గట్టిగా నిలబడింది. అంతకుముందు సీసాలో పడిన ఆయిల్ తిరిగి పోయలేదు, పోయకూడదు, కొత్త డబ్బా తెరిచాను.

నాలుగో వారం, ఆదివారం తెల్లవారుజామున, రోడ్ల మీద ఎవరూ లేనప్పుడు ప్యాడ్లు అలవాటు చేయడానికి వెళ్ళాను. గంటకి 30 మైళ్ళ వేగం నుంచి 10కి, మధ్యలో కాస్త గాలి ఆడనిస్తూ పదిసార్లు, పూర్తిగా ఆపకుండా. వేడిగా ఉన్న ప్యాడుని డిస్కు మీద అలాగే నొక్కి ఉంచితే అక్కడ మచ్చ పడుతుంది. మొదటి మలుపు దగ్గరే టిక్ టిక్ టిక్. గుండె జారింది. ఆపి చూస్తే టైర్లు మార్చినప్పుడు బ్యాలెన్సింగ్ కోసం చక్రం లోపలివైపు అంటించిన సీసం బిళ్ళ ఒకటి క్యాలిపర్‌కి తగులుతోంది. నా అట్టముక్క కొలతలో ఆ బిళ్ళ లేదు మరి. దాన్ని పీకేసి, తర్వాత చక్రం బ్యాలెన్స్ చేయించి బిళ్ళలు వేరేచోట పెట్టించాను.

ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పడం మర్చిపోవద్దు. ఇక్కడ బండిలో ఏ మార్పు చేసినా చెప్పాలి, చెప్పకపోతే రేపు క్లెయిము దగ్గర పేచీ. ఫోన్లో ఐదు నిమిషాల పని, అదనంగా ఏమీ అడగలేదు. ఎంఓటీ అనే ఏడాది పరీక్ష నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని బండ్లకి 2018 మే నుంచి తప్పనిసరి కాదు, భద్రత కోసం బ్రేకులు మెరుగుపరచడం ఆ పెద్ద మార్పుల కింద రాదు. అయినా బ్రేకులు నా చేత్తో మార్చాను కాబట్టి ఇంకో కన్ను చూడాలనిపించి డబ్బు కట్టి పరీక్షకి తీసుకెళ్ళాను.

ఈ బండిలో నన్ను ఇంకా భయపెట్టేది వేరే ఉంది. నాలుగు చక్రాల బ్రేకులకీ ఒకే ఆయిల్ సర్క్యూట్. ఎక్కడ ఒక పైపు పగిలినా నాలుగూ పోతాయి, మిగిలేది హ్యాండ్ బ్రేక్. అదే కాలంలో అమెరికాకి పంపిన ఎంజీబీలకి మాత్రం అక్కడి చట్టం వల్ల రెండు సర్క్యూట్లు పెట్టారు. ఎంత గొప్ప క్యాలిపర్ పెట్టినా ఆ సంగతి మారదు. అందుకే వెనక్కి వెళ్ళే ఇనుప పైపులు కూడా మొత్తం తడిమి చూశాను, ఒకటి మార్చాను.

తేడా ఉందా అంటే, మామూలు రోడ్డు మీద ఒకసారి గట్టిగా తొక్కితే పెద్ద తేడా లేదు. చక్రం పట్టేసేంత బలం పాత బ్రేకుకీ ఉంది, ఆ తర్వాత అంతా టైరు చేతిలోనే. తేడా దిగుడులో తెలిసింది. మళ్ళీ విన్నాట్స్ పాస్ దిగాం, ఈసారి మా ఆవిడ కిటికీ దించి కూర్చుంది, వాసన వస్తే ముందే తెలియాలని. కాసిల్టన్ చేరేసరికి పెడల్ పైన ఎక్కడ పట్టిందో కిందా అక్కడే పట్టింది, రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెడితే ఒకే వేడి.

పరీక్ష కాగితం ఫొటో తీసి బాబాయికి పంపాను. బ్రేకు బలం కొలిచే రోలర్ల మీద ముందు రెండు చక్రాల అంకెలూ దాదాపు సమానం, అదే చూపించి మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన కింది వరస చూశాడు. వెనక కుడివైపు అంకె ఎడమదానికన్నా బాగా తక్కువ, పాసయ్యే హద్దులోనే ఉంది గానీ తక్కువ.

"ముందు ఇంత ఖర్చు పెట్టావు, వెనక డ్రమ్ములు విప్పి లైనర్లు చూశావా?"

చూడలేదు. వచ్చే శనివారానికి జాకీ బయటే ఉంచాను.